పూర్తి పేరుకు 50 అక్షరాలు చాలునా? స్పెక్‌లో టెక్స్ట్ నిడివి పరిమితిని ఎవరు, ఏ కొలతలో నిర్ణయించాలి?

వైట్‌ఫీల్డ్ అనలిస్టు:

మిత్రులందరికీ నమస్కారం. నేను బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో బిజినెస్ అనలిస్టుగా పనిచేస్తున్నాను. ఒక ఆర్థిక సేవల సంస్థ కోసం వినియోగదారుల నమోదు అప్లికేషన్‌కు ఎస్‌ఆర్‌ఎస్ పత్రం (సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో చెప్పే అవసరాల పత్రం, అంటే స్పెక్) రాస్తున్నాం. ఆ సంస్థకు కర్ణాటకతో పాటు అనంతపురం, చిత్తూరు, హోసూరు వైపు కూడా వినియోగదారులు ఉన్నారు. అందువల్ల పేరు, చిరునామా, ఫిర్యాదు వివరణ అనే మూడు ఫీల్డులను ఇంగ్లీషుతో పాటు కన్నడ, తెలుగు, తమిళ లిపుల్లోనూ నింపే వీలుండాలని వారు మొదటి సమావేశంలోనే చెప్పారు.

పత్రంలో పూర్తి పేరుకు గరిష్ఠంగా 50 అక్షరాలు, చిరునామాకు 200, ఫిర్యాదు వివరణకు 500 అని రాసి సమీక్షకు పంపాను. ఈ అంకెలు డిజైన్‌కు సంబంధించినవని, అవసరాల పత్రంలో వాటికి చోటు లేదని మా డెవలప్‌మెంట్ లీడ్ వాటిని కొట్టివేశారు. అంకె లేకపోతే టెస్ట్ కేసులు రాయలేమని టెస్టింగ్ బృందం పట్టుబట్టింది. ఖాతాదారు తరఫు మేనేజరు మాత్రం అన్నిటికీ 255 పెట్టేస్తే గొడవే ఉండదన్నారు. 50 అనే అంకె పాత అప్లికేషన్ పత్రం నుంచి వచ్చింది. ఆ పత్రంలోకి ఎలా వచ్చిందో ఇప్పుడు అటువైపు వారికీ, ఇటువైపు వారికీ తెలియదు.

టెక్స్ట్ ఫీల్డు నిడివి పరిమితిని స్పెసిఫికేషన్‌లో రాయాలా, లేక డెవలపర్లకు వదిలివేయాలా? రాయాలంటే ఆ అంకెను ఏ ఆధారంతో రాయాలి?

మారతహళ్ళి డీబీఏ:

డేటాబేస్ నిర్వాహకుడిగా (డీబీఏగా) చెబుతున్నాను, ప్రతి టెక్స్ట్ ఫీల్డుకూ పరిమితి ఉండి తీరాలి, అది పత్రంలో ఉండాలి. పత్రంలో రాయనంత మాత్రాన పరిమితి లేకుండా పోదు. ఎవరో ఒక డెవలపర్ టేబుల్ తయారుచేసేటప్పుడు తనకు తోచిన అంకె వేస్తాడు, ఆ తరువాత వచ్చినవారందరూ దానిని శిలాశాసనంలా పాటిస్తారు. మీ 50 కూడా అలా పుట్టినదే అయి ఉంటుంది.

మీ మేనేజరు గారు చెప్పిన 255కూ వినియోగదారుల అవసరానికీ ఏ సంబంధమూ లేదు. మైఎస్‌క్యూఎల్ డేటాబేసులో 5.0.3 వెర్షన్‌కు ముందు వార్‌చార్ (టెక్స్ట్ దాచే రకం) కాలమ్ గరిష్ఠ నిడివే 255. నిడివిని ఒక్క బైటులో దాచుకునేవారు కనుక ఆ హద్దు ఏర్పడింది. తరువాత హద్దు 65,535 బైట్లకు పెరిగినా 255 మాత్రం అందరి చేతివేళ్ళలో నిలిచిపోయింది. మైఎస్‌క్యూఎల్ వాడే ఇన్నోడీబీ నిల్వ పద్ధతిలో ఇండెక్స్‌కు (వెతకడాన్ని వేగవంతం చేసే సూచికకు) ఒకప్పుడు 767 బైట్ల హద్దు ఉండేది. క్యారెక్టరుకు మూడు బైట్ల చొప్పున 255 క్యారెక్టర్లు 765 బైట్లై దానిలో సరిగ్గా ఇమిడేవి. ఎమోజీల కోసం క్యారెక్టరుకు నాలుగు బైట్ల దాకా తీసుకునే యూటీఎఫ్8ఎంబీ4 పద్ధతికి మారిన రోజున అవే కాలమ్‌లు 1,020 బైట్లై ఇండెక్సులు విఫలమయ్యాయి. పాత ప్రాజెక్టుల్లో 191 అనే వింత అంకె కనిపిస్తే ఆశ్చర్యపోకండి, 191ని నాలుగుతో గుణిస్తే 764 వస్తుంది. ఇటువంటి అంకెను వ్యాపార అవసరమంటూ పత్రంలో రాయడం సరికాదు.

పరిమితి అసలే వద్దనేవారి కోసం రెండు ఉదాహరణలు. 2013 సెప్టెంబరులో వెబ్‌సైట్లు తయారుచేసే జాంగో ఫ్రేమ్‌వర్క్‌లో ఒక భద్రతా లోపం బయటపడింది. పాస్‌వర్డ్ నిడివికి హద్దు లేకపోవడంతో, ఒక మెగాబైటు పాస్‌వర్డ్ పంపితే దానిని హ్యాష్ చేయడానికి (తిరిగి చదవలేని సంకేతంగా మార్చడానికి) సర్వరుకు దాదాపు ఒక నిమిషం పట్టేది. పాస్‌వర్డ్‌ను 4,096 బైట్లకు పరిమితం చేసి దానిని సరిదిద్దారు. ఇక 2016 జులైలో స్టాక్ ఎక్స్‌ఛేంజ్ అనే ప్రశ్నోత్తరాల సైట్లు (షేర్ల మార్కెట్ కాదు) 34 నిమిషాల పాటు ఆగిపోయాయి. ఒక పోస్టులో వరుసగా ఉన్న సుమారు 20,000 ఖాళీలను ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (టెక్స్ట్‌లో నమూనాలను వెతికే సూత్రం) కత్తిరించబోయి సర్వర్లను ముంచేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కంటే ముందే ఒక హద్దు గీయడం మేలు కదా.

ఇందిరానగర్ డెవలపర్:

డీబీఏ గారి రెండో ఉదాహరణ ఆయన వాదానికి ఎదురు తిరుగుతుంది. ఆ సైటులో పోస్టు నిడివికి 30,000 క్యారెక్టర్ల పరిమితి అప్పటికే ఉంది, ఆ పోస్టు దానికి లోబడే ఉంది. పరిమితి ఉన్నా సైటు ఆగిపోయింది. వారు ఆ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌ను తీసేసి మామూలు సబ్‌స్ట్రింగ్ ఫంక్షన్ పెట్టి సమస్యను తీర్చారు. రక్షణ కోసం పెట్టే హద్దు వేరు, వినియోగదారుకు విధించే హద్దు వేరు. మొదటిదానిని సర్వరుకు వచ్చే మొత్తం అభ్యర్థన పరిమాణం మీద ఒక్కచోట పెట్టవచ్చు. దానికోసం ఒక మనిషి పేరు ఎంత పొడవుండాలో నిర్దేశించవలసిన అవసరం లేదు.

పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో నిడివి లేని టెక్స్ట్ రకానికీ, నిడివి ఉన్న వార్‌చార్‌కూ వేగంలో తేడా లేదని దాని అధికారిక డాక్యుమెంటేషనే చెబుతోంది. అటువంటప్పుడు నిల్వ కోసం పరిమితి అనే కారణం చాలా చోట్ల ఏనాడో పోయింది. మిగిలింది అలవాటు మాత్రమే, దాని బరువు మోసేది వినియోగదారు. మా దగ్గరి బంధువుకు ఇంటిపేరుతో కలిపి అయిదు మాటల పేరు. ఒక బీమా సంస్థ పాలసీలో అది 'లక్ష్మీనార' దగ్గర తెగిపోయింది. ఆసుపత్రి బిల్లు మీద, ఆధార్ మీద పూర్తి పేరు ఉండటంతో క్లెయిము నెలల తరబడి నలిగింది. కౌంటరు దగ్గర కూర్చున్న ఉద్యోగికి కూడా ఆ ఫీల్డులో 25 కంటే ఎక్కువ పట్టవని తెలుసు, కానీ చేయగలిగిందేమీ లేదు. 2013లో హవాయిలో ఒక మహిళ ఇంటిపేరు డ్రైవింగ్ లైసెన్సు ఫీల్డులో పట్టకపోతే ఆ విషయం వార్తల్లోకి ఎక్కి, చివరికి ఆ రాష్ట్రమే తన 35 క్యారెక్టర్ల హద్దును 40కి పెంచవలసి వచ్చింది.

అవసరాల పత్రంలో 'పేరును వినియోగదారు అధికారిక పత్రంలో ఉన్నట్లే స్వీకరించాలి' అని రాస్తే చాలు. అంకెను మాకు వదలండి.

కోరమంగళ టెస్టర్:

ఇద్దరూ అంకె ఎంతుండాలన్న దాని మీద వాదిస్తున్నారు, ఆ అంకె దేనిని లెక్కిస్తోందో మాత్రం ఎవరూ అడగలేదు. మానిక అంటే ఎంతో తేల్చుకోకుండా రెండు మానికల బియ్యానికి బేరం ఆడినట్లుంది ఇది. అనలిస్టు గారి పత్రంలో '50 అక్షరాలు' అని ఉంది. టెస్టర్‌గా నేను ఆ వాక్యాన్ని ఎలా పరీక్షించాలో చెప్పండి.

అందరికీ తెలిసిన ఒక పేరు తీసుకుందాం. మన మాజీ ప్రధాని పి.వి. గారి పూర్తి పేరు పాములపర్తి వేంకట నరసింహారావు. ఇంగ్లీషు లిపిలో, మాటల మధ్య ఖాళీలతో సహా, ఇది 33 క్యారెక్టర్లు, 33 బైట్లు. గొడవ లేదు. తెలుగు లిపిలో చూడండి. చదివే మనిషి లెక్కించే పద్ధతిలో, అంటే 'పా' ఒకటి, 'ర్తి' ఒకటి అనుకుంటూ పోతే, ఖాళీలతో కలిపి 16 వస్తాయి. యూనికోడ్ ప్రతి గుర్తుకూ ఇచ్చే సంఖ్యలైన కోడ్ పాయింట్ల లెక్కలో గుణింతం గుర్తులు, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా చేరి 28 వస్తాయి. 'ర్తి' ఒక్కటే నాలుగు. యూటీఎఫ్-8 అనే నిల్వ పద్ధతిలో తెలుగు కోడ్ పాయింటు ఒక్కొక్కటి మూడు బైట్లు కనుక 26 కోడ్ పాయింట్లకు 78, రెండు ఖాళీలకు 2, మొత్తం 80. ఒకే పేరుకు 16, 28, 80 అనే మూడు జవాబులు, మూడూ సరైనవే.

ఇప్పుడు ఈ పేరు మీ అప్లికేషన్‌లో చేసే ప్రయాణం చూడండి. బ్రౌజరులో హెచ్‌టీఎంఎల్ మ్యాక్స్‌లెంగ్త్ (పెట్టెలో పట్టే నిడివికి పెట్టే హద్దు) యూటీఎఫ్-16 యూనిట్లను (తెలుగులో ఇవి కోడ్ పాయింట్లంతే) లెక్కిస్తుంది కనుక 28 అంటుంది, 50 లోపల ఉంది కాబట్టి వదిలేస్తుంది. జావా సర్వరులో లెంగ్త్ కూడా అదే లెక్క, అక్కడా దాటుతుంది. వెనుక ఉన్నది మైఎస్‌క్యూఎల్ అయితే వార్‌చార్ 50 క్యారెక్టర్ల లెక్క కనుక నిక్షేపంగా చేరుతుంది. వెనుక ఉన్నది ఒరాకిల్ డేటాబేసు అయితే, మీరు ప్రత్యేకంగా చార్ అని రాయకపోతే వార్‌చార్2లో 50 అంటే 50 బైట్లు. అసలు నిడివి 80, గరిష్ఠం 50 అంటూ ఓఆర్‌ఏ-12899 ఎర్రర్ వస్తుంది. వినియోగదారుకు మాత్రం 'ఏదో పొరపాటు జరిగింది, తరువాత ప్రయత్నించండి' అనే తెర కనిపిస్తుంది. ఆయన ఎన్నిసార్లు ప్రయత్నించినా అదే జరుగుతుంది. ఇంగ్లీషు పేర్లతో మాత్రమే పరీక్షించిన బృందానికి ఈ లోపం విడుదలయ్యే దాకా తెలియదు. ఆ 50 బైట్లలో తెలుగు కోడ్ పాయింట్లు పట్టేవి 16 మాత్రమే. ఇక ఎస్‌క్యూఎల్ సర్వరులో ఎన్‌వార్‌చార్ కాకుండా ముందు ఎన్ లేని సాధారణ వార్‌చార్ వాడితే నిడివి సంగతి దేవుడెరుగు, పేరంతా ప్రశ్నార్థక చిహ్నాలుగా మారిపోయే ప్రమాదం ఉంది.

లెక్కించే భాషను బట్టి కూడా జవాబు మారుతుంది. పైథాన్ 3లో లెన్ కోడ్ పాయింట్లను, గో భాషలో లెన్ బైట్లను, స్విఫ్ట్ భాషలో కౌంట్ చదివే మనిషి లెక్కకు దగ్గరైన గ్రాఫీమ్ క్లస్టర్లను లెక్కిస్తాయి. ఆ చివరిది కూడా స్థిరంగా లేదు. తెలుగు ఒత్తక్షరాలను ఒకే క్లస్టరుగా లెక్కించే నియమం 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లోనే చేరింది. పాత లైబ్రరీలు 'ర్తి'ని రెండుగా విడదీసి ఇదే పేరుకు 17 అంటాయి, కొత్తవి 16 అంటాయి. మొబైల్ యాప్‌లో ఒక వెర్షన్, సర్వరులో ఇంకో వెర్షన్ ఉంటే సరిహద్దు విలువల దగ్గర రెండూ పోట్లాడుకుంటాయి.

పైగా కంటికి కనిపించనివి ఉంటాయి. 'సాఫ్ట్‌వేర్' అని సరిగ్గా రాయాలంటే ట్ తరువాత జీరో విడ్త్ నాన్ జాయినర్ పెట్టాలి. తెర మీద దానికి రూపం లేదు, లెక్కలో మాత్రం ఒక కోడ్ పాయింటు, మూడు బైట్లు. అందుకే నేను అడుగుతున్నది ఇది: అంకె పక్కన యూనిట్ రాయండి, తరువాత అంకె గురించి వాదించుకుందాం.

వైట్‌ఫీల్డ్ అనలిస్టు:

టెస్టర్ గారికి ధన్యవాదాలు. మా ఖాతాదారు వద్ద ఉన్నది ఒరాకిలే, టెక్స్ట్ నిడివిని పెంచే సెట్టింగు ఆన్ చేసి లేదు. పాత టేబుళ్ళలో కాలమ్‌లన్నీ బైట్ల లెక్కలోనే ఉన్నాయని ఈరోజు తెలిసింది. యూనిట్ రాయాలన్నది అంగీకరిస్తున్నాను, అయితే వ్యాపార పత్రంలో కోడ్ పాయింట్ అనే మాట రాస్తే ఖాతాదారుకు అర్థమవుతుందా?

బసవనగుడి ఆర్కిటెక్టు:

అర్థం కాకపోతే పత్రం మొదట్లో ఒక వాక్యంలో నిర్వచించండి, ఒప్పంద పత్రాల్లో అలా ఎన్ని నిర్వచనాలు లేవు? గ్రాఫీమ్ క్లస్టర్ వద్దు, అది వెర్షన్‌తో మారుతుందని ఇప్పుడే చూశాం. బైట్లు వద్దు, ఒకే ఫీల్డు ఇంగ్లీషు వారికి మూడింతలు విశాలంగా, మనకు ఇరుకుగా ఉంటుంది. కోడ్ పాయింట్ మధ్యేమార్గం, అన్ని భాషల్లోనూ తేలికగా లెక్కించవచ్చు. లెక్కించే ముందు ఎన్‌ఎఫ్‌సీ రూపానికి (ఒకే గుర్తును ఎలా రాసినా ఒకే విధంగా మార్చే యూనికోడ్ రూపానికి) మార్చాలని కూడా రాయండి. ఉదాహరణకు ఐత్వం గుర్తును యూనికోడ్‌లో ఒక కోడ్ పాయింటుగానూ, రెండు ముక్కలుగానూ రాయవచ్చు. చూపుకు తేడా ఉండదు, లెక్కకు ఉంటుంది.

ఇక డెవలపర్ గారి వాదం గురించి. వినియోగదారు కంటికి కనిపించే ప్రవర్తన ఏదైనా అవసరాల పత్రంలోకే వస్తుంది. ఆయన పేరును అప్లికేషన్ తిరస్కరిస్తుందా స్వీకరిస్తుందా అనేది కాలమ్ రకం లాంటి లోపలి విషయం కాదు. అది వ్యాపార నిర్ణయం, దానికి బాధ్యత వహించవలసినది వ్యాపారమే. కానీ డీబీఏ గారు అన్నట్లు ప్రతి ఫీల్డుకూ ఏదో ఒక అంకె వేసి తీరాలన్నది కూడా నాకు పూర్తిగా సమ్మతం కాదు. అంకెకు కారణం చూపగలగాలి, కారణం దాదాపు ఎప్పుడూ ఫీల్డు బయట ఉంటుంది.

కొన్ని ఫీల్డులకు ఆ కారణం ఎవరో ముందే రాసిపెట్టారు: పాన్ 10, ఆధార్ 12 అంకెలు, ఐఎఫ్ఎస్‌సీ 11, జీఎస్‌టీఐఎన్ 15, పిన్ 6. ఇవి గరిష్ఠాలు కావు, కచ్చితమైన నిడివులు. 'గరిష్ఠం 12' అని రాస్తే 7 అంకెల ఆధార్ కూడా నిడివి పరీక్ష దాటిపోతుంది. దేశం కోడ్‌తో కలిపి ఫోన్ నంబరు అంతర్జాతీయ ఇ.164 ప్రమాణం ప్రకారం గరిష్ఠంగా 15 అంకెలు. ఈమెయిల్‌కు చాలామంది 320 రాస్తారు, 50 రాసేవారూ ఉన్నారు. ఆర్‌ఎఫ్‌సీ 5321 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ప్రకారం @కు ముందు భాగం 64, డొమైన్ 255 దాటకూడదు. అయితే కోణపు బ్రాకెట్లతో కలిపి మొత్తం చిరునామా 256 లోపల ఉండాలి కనుక వాడుకలో మిగిలేది 254. ఒక పాత ఆర్‌ఎఫ్‌సీలో 320 అని పడింది, దానిని తరువాత సవరించారు, అయినా ఆ అంకె ఇంకా తిరుగుతూనే ఉంది.

పేరు దగ్గర మీ డేటా ఎక్కడికి వెళుతుందో చూడండి. మీది ఆర్థిక సేవల సంస్థ. బ్యాంకుల మధ్య నడిచిన పాత స్విఫ్ట్ ఎంటీ చెల్లింపు సందేశంలో పేరు, చిరునామా కలిపి వరుసకు 35 చొప్పున నాలుగు వరుసలే. వాటి స్థానంలో వచ్చిన ఐఎస్‌ఓ 20022 సందేశాల్లో పేరుకు 140 ఉంది. సరిహద్దులు దాటే చెల్లింపుల్లో ఆ రెండు పద్ధతులూ పక్కపక్కన నడిచిన కాలం 2025 నవంబరులో ముగిసింది, కాబట్టి మీ ఆధారం 140 కావచ్చు. పాస్‌పోర్టులో యంత్రం చదివే వరుసలో పేరుకు ఉన్నవి 39 స్థానాలు. పట్టని పేరును ఎలా కుదించాలో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ (ఐకావో) 9303 ప్రమాణమే నియమాలు ఇచ్చింది. అంటే పాస్‌పోర్టు స్కాను చేసి వచ్చిన పేరు పూర్తి పేరు కాకపోవచ్చు, దానితో సరిపోల్చే నియమం మీ పత్రంలో ఉండాలి. తెలుగులో ఎస్‌ఎంఎస్ పంపుతారా? ఇంగ్లీషులో 160 పట్టే ఒక్క సందేశంలో తెలుగు 70 మాత్రమే పడుతుంది, ముక్కలుగా పంపితే ముక్కకు 67. పేరు, లావాదేవీ వివరం, సంస్థ పేరు అన్నీ అందులోనే సర్దాలి. అయితే దానికోసం పేరు ఫీల్డును కుదించకండి, సందేశం టెంప్లేటులో పేరు ఎంతవరకు చూపాలో విడిగా రాయండి. దాచుకునే నిడివి, చూపించే నిడివి ఒకటే కానక్కరలేదు.

ఇందిరానగర్ డెవలపర్:

ఆర్కిటెక్టు గారి మాటలో నాకు చాలావరకు అభ్యంతరం లేదు. కారణం చూపలేని అంకె ఉండకూడదంటే నా వాదం సగం గెలిచినట్లే. కానీ పత్రంలో రాసినంత మాత్రాన వ్యాపారం వారు ఆ అంకెను అర్థం చేసుకున్నట్లు కాదని ఒక ఉదాహరణతో చెబుతాను. పాస్‌వర్డ్‌కు కనీసం 64 క్యారెక్టర్లను అనుమతించాలని, ప్రతి కోడ్ పాయింటునూ ఒక క్యారెక్టరుగా లెక్కించాలని, కత్తిరించకూడదని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017 నాటి మార్గదర్శకం చెప్పింది. దానిని చూసి పత్రంలో '64' అని రాస్తారు. పాస్‌వర్డ్‌ను హ్యాష్ చేయడానికి లోపల మేము వాడేది బీక్రిప్ట్ పద్ధతి అయితే అది మొదటి 72 బైట్లనే చూస్తుంది. తెలుగులో పాస్‌వాక్యం పెట్టుకున్న మనిషికి ఖాళీలు కలపకుండా 24 కోడ్ పాయింట్లతోనే ఆ 72 నిండిపోతాయి. ఆ తరువాత ఏం టైపు చేసినా లాగిన్ అయిపోతుంది.

ఇది ఊహించి భయపెట్టడం కాదు. 2024 అక్టోబరులో లాగిన్ సేవలందించే ఆక్టా సంస్థ తానే ప్రకటించిన ఒక లోపం సరిగ్గా ఈ 72 దగ్గర పుట్టింది. క్యాష్ కీ (తాత్కాలికంగా దాచిన లాగిన్‌ను గుర్తించే సంకేతం) కోసం యూజర్ ఐడీ, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ వరుసగా కలిపి బీక్రిప్ట్‌కు ఇచ్చారు. యూజర్ నేమ్ 52 క్యారెక్టర్లు లేదా అంతకు మించితే, మరికొన్ని పరిస్థితులు కూడా కలిసివచ్చినప్పుడు, పాస్‌వర్డ్ లెక్కలోకే రాకుండా పోయే అవకాశం ఏర్పడింది. ఏ అనలిస్టు ఏ పత్రంలో 52 అని రాయగలరు? ఇది తెలియవలసినది కోడు రాసేవారికే.

కోరమంగళ టెస్టర్:

ఆ లోపం పరిమితి రాసినందువల్ల వచ్చింది కాదండీ, పరిమితి ఉందని చెప్పకుండా మౌనంగా కత్తిరించినందువల్ల వచ్చింది. మించినప్పుడు ఏం జరగాలో ఏ పత్రంలోనూ రాయరు, నాకున్న పెద్ద ఫిర్యాదు అదే. కత్తిరించాలా, తిరస్కరించాలా, టైపు చేస్తుండగానే ఆపాలా? కత్తిరింపు ఎంత ప్రమాదమో 2015 ఏప్రిల్‌లో వర్డ్‌ప్రెస్‌లో చూశాం. 64 కిలోబైట్లు దాటిన వ్యాఖ్యను మైఎస్‌క్యూఎల్ చప్పుడు చేయకుండా కత్తిరించేది. శుభ్రపరిచినప్పుడు సురక్షితంగా ఉన్న హెచ్‌టీఎంఎల్ కత్తిరింపు తరువాత విరిగిపోయి, దానిలో స్క్రిప్టు నడిచే దారి తెరుచుకునేది. దానికోసం హడావిడిగా వర్డ్‌ప్రెస్ 4.2.1 వెర్షన్ విడుదల చేయవలసి వచ్చింది. ఆ తరువాత వచ్చిన మైఎస్‌క్యూఎల్ 5.7లో కత్తిరించకుండా తిరస్కరించే కఠినమైన మోడ్ మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది, పాత సెట్టింగులతో ఎక్కించినవారి సంగతి వేరు.

అనలిస్టు గారి ఫిర్యాదు వివరణ ఫీల్డులో ఇంకో రెండు చిక్కులున్నాయి. మ్యాక్స్‌లెంగ్త్ పెట్టిన పెట్టెలో వినియోగదారు వాట్సాప్‌లో రాసుకున్న పెద్ద ఫిర్యాదును తెచ్చి అతికిస్తే, హద్దు దాటిన భాగం ఏ హెచ్చరికా లేకుండా మాయమవుతుంది. చివరి పేరాలోనే ఆయన అసలు కోరిక ఉంటుంది. రెండోది, పేరాల మధ్య ఎంటర్ నొక్కితే బ్రౌజరు దానిని ఒకటిగా లెక్కిస్తుంది, ఫారం పంపేటప్పుడు మాత్రం రెండు క్యారెక్టర్లుగా మారుస్తుంది. పెట్టెలో సరిగ్గా 500 చూపిన ఫిర్యాదు సర్వరుకు 506గా చేరి తిరిగి వస్తుంది. కొత్త వరుసను ఒకటిగా లెక్కించాలని పత్రంలో ఒక్క వాక్యం ఉంటే ఈ బగ్గు మీద డెవలపర్‌కూ నాకూ మధ్య వాదన ఉండదు.

మారతహళ్ళి డీబీఏ:

డెవలపర్ గారు పోస్ట్‌గ్రెస్ గురించి చెప్పింది నిజమే, కానీ అక్కడ కూడా సాధారణ ఇండెక్సులో ఒక విలువ సుమారు 2,700 బైట్లు దాటితే ఇండెక్సు తిరస్కరిస్తుంది. నిడివి లేని టెక్స్ట్ అంటే హద్దు లేనిది అనుకోవడం పొరపాటు, హద్దు వేరే చోట దాక్కుని ఉంటుంది.

ఒరాకిల్ విషయానికి వస్తే, అనలిస్టు గారు చెప్పిన సెట్టింగు ఆన్‌లో లేదు కనుక వార్‌చార్2 కాలమ్ గరిష్ఠం 4,000 బైట్లు. చార్ లెక్కలో 4,000 అని రాసినా లోపల బైట్ల హద్దే గెలుస్తుంది. తెలుగులో అయితే 1,333 కోడ్ పాయింట్లు దాటవు. పేరుకు 140 చార్ అంటే తెలుగులో 420 బైట్లే కనుక సమస్య లేదు. చిరునామాకు 200 అంటే తక్కువేమో ఆలోచించండి. రేణిగుంట, అరక్కోణం మధ్య ఉన్న వెంకటనరసింహరాజువారిపేట అనే ఒక్క ఊరి పేరే ఇంగ్లీషులో 28, తెలుగులో 22 కోడ్ పాయింట్లు. దానికి ఇంటి నంబరు, వీధి, మండలం, జిల్లా, 'ఫలానా గుడి వెనుక' అనే ఆనవాలు కలిపి చూసుకోండి. ఫిర్యాదు వివరణకు 4,000 బైట్ల కాలమ్ ఇస్తాను, ఇంగ్లీషు వారు 4,000 దాకా రాసుకుంటారు, మిగతా భాషల వారు 1,333 దాకా. అందుబాటులో ఉన్న చోటును ఎందుకు వృథా చేయాలి?

బసవనగుడి ఆర్కిటెక్టు:

ఈ చివరి ప్రతిపాదనను నేను గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. ఒకే సంస్థకు ఒకే రుసుము చెల్లించిన ఇద్దరు వినియోగదారుల్లో ఇంగ్లీషులో రాసినవారికి రెండు పేజీలు, తెలుగులోనో కన్నడలోనో రాసినవారికి ముప్పావు పేజీ అనే నియమాన్ని మీరు తెర మీద ఏ వాక్యంతో వివరిస్తారు? 'మీ భాషకు బైట్లు ఎక్కువ' అంటారా? అందరికీ ఒకే అంకె ఉండాలి. అది 1,300 అయితే అందరికీ 1,300. అది చాలదనుకుంటే చాలా పొడవైన పాఠాన్ని దాచే క్లాబ్ రకానికి మారండి.

మారతహళ్ళి డీబీఏ:

క్లాబ్ అంటే రిపోర్టింగ్ బృందం గోల పెడుతుంది. వారి పాత క్వెరీల్లో ఒకేలాంటి విలువలను కలిపి చూపే గ్రూప్ బై, డిస్టింక్ట్ అన్నీ ఆ కాలమ్ మీదే ఉంటాయి, క్లాబ్ మీద అవి పనిచేయవు. అయినా ఫిర్యాదు వివరణ మీద డిస్టింక్ట్ వాడేవారి గోలను పట్టించుకోనక్కరలేదేమో. భాషల మధ్య తేడా ఉండకూడదంటే నాకు అభ్యంతరం లేదు, ఖర్చు ఎవరు భరిస్తారో ముందే తేల్చండి.

వైట్‌ఫీల్డ్ అనలిస్టు:

ఖాతాదారుతో మాట్లాడి పత్రాన్ని తిరగరాశాను. పూర్తి పేరు వరుస ఇప్పుడు ఇలా ఉంది: 'తప్పనిసరి. ఎన్‌ఎఫ్‌సీ రూపానికి మార్చి, మొదట, చివర ఉన్న ఖాళీలను తొలగించిన తరువాత 1 నుంచి 140 వరకు యూనికోడ్ కోడ్ పాయింట్లు. హద్దు మించిన పేరును కత్తిరించరాదు. దానిని స్వీకరించకుండా, ఎన్ని ఎక్కువయ్యాయో వినియోగదారు ఎంచుకున్న భాషలో చూపాలి. ఈ నియమాన్ని బ్రౌజరు, ఏపీఐ (సర్వరు వైపు ద్వారం) రెండూ ఒకే విధంగా అమలుచేయాలి. ఆధారం: చెల్లింపు సందేశంలో పేరు ఫీల్డు గరిష్ఠ నిడివి.' ఆధారం అనే గడిని ప్రతి ఫీల్డుకూ కొత్తగా చేర్చాం. కాలమ్ రకం, ఇండెక్సు, హ్యాషింగ్ పద్ధతి పత్రంలో లేవు, అవి డెవలపర్ల నిర్ణయమే. పాస్‌వర్డ్ దగ్గర మాత్రం టైపు చేసిన ప్రతి కోడ్ పాయింటూ సరిపోల్చడంలో లెక్కలోకి రావాలని రాశాం, ఎలా చేస్తారో వారి ఇష్టం.

చిరునామాను 350కి పెంచాం. ఫిర్యాదు వివరణను క్లాబ్‌గా మార్చడానికి ఖాతాదారు ఒప్పుకున్నారు, అన్ని భాషలకూ 3,000 కోడ్ పాయింట్లు, కొత్త వరుస ఒకటిగా లెక్క. అతికించినప్పుడు హద్దు మించితే మొత్తం పాఠం పెట్టెలో అలాగే ఉండాలి, పంపే బటన్ మాత్రం పనిచేయకూడదు. పాత టేబుల్‌లో తెగిపోయిన పేర్లను కొత్త వ్యవస్థలోకి తెచ్చేటప్పుడు, సరిగ్గా కాలమ్ హద్దు దగ్గర ముగిసిన ప్రతి పేరునూ కేవైసీ పత్రంతో సరిపోల్చే పని ఆపరేషన్స్ విభాగానికి అప్పగించారు.

ఇందిరానగర్ డెవలపర్:

ఇలా అయితే నా సంతకం ఉంటుంది. ఇంతకీ 3,000కు ఆధారం గడిలో ఏం రాశారు?

వైట్‌ఫీల్డ్ అనలిస్టు:

శాఖలకు చేతిరాతతో వచ్చిన పాత ఫిర్యాదు ఉత్తరాలను తెప్పించి చూశాం. రెండు పేజీలు దాటినవి లేవు. అదే రాశాం.

కోరమంగళ టెస్టర్:

సరిహద్దు విలువల కోసం 139, 140, 141 కోడ్ పాయింట్ల పేర్లు ఇంగ్లీషు, తెలుగు, తమిళంలో తయారుచేసుకుంటాను. కన్నడంలో ఒత్తులు బాగా ఉన్న పేర్ల జాబితా ఎవరి దగ్గరైనా ఉంటే పంపండి.

మారతహళ్ళి డీబీఏ:

ఫిర్యాదుతో పాటు అటాచ్‌మెంట్ ఫీల్డు కూడా ఉండే ఉంటుంది. దాని గరిష్ఠం '1 మెగాబైటు' అని రాసి ఉంటే, అది 10,00,000 బైట్లో 10,48,576 బైట్లో కూడా ఇప్పుడే రాసేయండి.